నేను వదిలేసిన జాగ్రఫీ క్లాసు

మా జాగ్రఫీ మేడమ్ పోయారు. ఆ సంగతి కాలేజీవాళ్లు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన పోస్టరు చూసి తెలుసుకున్నాను. ఫొటో కింద ‘కామర్స్ అధ్యాపకురాలు’ అని వేశారు. ఆవిడ జన్మలో ఒక్క కామర్స్ క్లాసు చెప్పలేదు. గంటలో బోలెడన్ని దండాలు వచ్చిపడ్డాయి గానీ అది తప్పని ఒక్కరూ అనలేదు. నేను అన్నాను. “ఇప్పుడవన్నీ ఎందుకులెండి” అని ఎవరో జవాబిచ్చారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ చెప్పింది జాగ్రఫీ. ఆవిడకు అది లేకుండా చెయ్యడంలో నా చెయ్యి కూడా ఉంది.

విజయవాడలో ఇంటర్ అంటే ఎంపీసీ, బైపీసీ. మిగతావి చదివేవాళ్లు ఎందుకూ పనికిరానివాళ్లని లెక్క. ఎండాకాలం సెలవుల్లో లెక్చరర్లు ఊళ్లమ్మట తిరిగి పిల్లల్ని చేర్పించాలి, లేకపోతే జీతం ఆగుతుంది. పామర్రులో మా ఇంటికి మేడమ్ అలాగే వచ్చారు. అరగంటసేపు ఎంపీసీని పొగిడి, చెమట తుడుచుకుంటూ లేచారు.

“మీరేం చెప్తారండీ?” అని అడిగాను.

“జాగ్రఫీ అమ్మా. దానికి మాత్రం ఎవర్నీ అడగొద్దన్నారు” అని నవ్వారు.

నేను దాన్లోనే చేరాను. ఎనిమిదిమందిమి అయ్యాం. ఒక్కరు తగ్గినా సెక్షన్ ఎత్తేస్తామని, అప్పుడు మేడమ్ ఆఫీసు పని చూసుకోవాల్సిందేనని ప్రిన్సిపాల్ మొదటిరోజే మా అందరి ముందూ చెప్పారు. ఆవిడ తల వంచుకుని సుద్దముక్క విరుస్తూ నిలబడ్డారు.

రెండోవారంలో మమ్మల్ని బందరు కాలవ గట్టు మీదికి తీసుకెళ్లారు. మా వైపు నేలంతా చదునే కదా, వాలు ఎక్కడుందండీ అని నేను అడిగినందుకు. తింటున్న బత్తాయి తొక్క నీళ్లలో వేసి, “దీంతోపాటు నడవండి” అన్నారు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆవిడే ముందు నడిచారు. వెనకబడ్డవాళ్లని “ఏమ్మా, నేల చదునైతే అది మీకోసం ఆగాలిగా!” అని ఆటపట్టించారు. పుట్టి పెరిగిన నేల సముద్రంవైపు వాలి ఉందని నాకు ఆరోజే తెలిసింది. అంత సంతోషంగా నేను మళ్లీ ఏ పాఠమూ నేర్చుకోలేదు.

నాలుగోవారంలో కామర్స్‌కి మారిపోయాను. ఒక పెళ్లిలో మా పెదనాన్న కూతుళ్లు “జాగ్రఫీనా? బస్సులకి బోర్డులు రాస్తావా?” అని నవ్వారు. అంతే, ఇంకే కారణమూ లేదు. గ్రూపు మార్చమనే కాయితం మీద నాన్న చదవకుండానే సంతకం పెట్టారు. మేడమ్‌కి చెప్పే ధైర్యం లేక మొహం చాటేశాను.

ఆ ఆదివారం ఆవిడ మళ్లీ మా ఇంటికి వచ్చారు. ఈసారి తన సబ్జెక్టు కోసం. నాన్న అప్పుడే చేపల లోడు పంపించి వచ్చి కూర్చున్నారు.

“ఎందుకమ్మా మారావు?” అన్నారు మేడమ్.

“నాన్న వద్దన్నారండీ” అన్నాను, నాన్న ఎదురుగానే.

నాన్న తెల్లబోయి నావంక చూశారు. అబద్ధమని ఆవిడకి తెలిసిపోయింది. “సరే, బాగా చదువుకో” అని, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

నెల తిరక్కుండానే సెక్షన్ ఎత్తేశారు. గోడ మ్యాపుల్ని సైకిల్ షెడ్డుకి ఎండ తగలకుండా కట్టారు. మేడమ్‌ని అప్లికేషన్ల కౌంటర్లో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే. ఏళ్ల తర్వాత ఓసారి మా అక్క కూతురి అప్లికేషన్ కోసం వెళితే గుర్తుపట్టి, “మీ ఊళ్లో కాలవ పూడిక తీశారా?” అని అడిగారు. ఆటోనగర్లో బిల్లులు కొడుతున్నానని చెప్పాను. మంచిదమ్మా అన్నారు. పనిలో పనిగా క్షమించమని కూడా అడుగుదామనుకుని వెళ్లినదాన్ని, వెనక క్యూ ఉందన్న సాకు దొరికి ఊరుకున్నాను. ప్రిన్సిపాల్ని, కాలేజీని ఎంతైనా తిట్టగలను. వాళ్లకి ఆ ఒక్కరి లోటు చూపించింది మాత్రం నేనే.

పెద్దకర్మ రోజున వాళ్లింటికి వెళితే మేడమ్ చెల్లెలుగారు ఓ పాత అటెండెన్స్ రిజిస్టరు తెచ్చి, “ఇది కాలేజీకి ఇచ్చెయ్యాలేమోనమ్మా, బీరువాలో చీరల కింద ఉంది” అన్నారు. తెరిచాను. గ్రూపు మారినవాళ్ల పేరు ఎర్రసిరాతో కొట్టెయ్యాలి. నా పేరు కొట్టెయ్యలేదు. నేను వెళ్లిపోయిన రోజు నుంచి నా పేరుకెదురుగా ఆబ్సెంట్, మర్నాడు ఆబ్సెంట్, ఆ మర్నాడూ ఆబ్సెంట్. సెక్షన్ ఎత్తేసిన రోజు గడిలో కూడా అదే. ఆ పేజీ అడుగున, మొత్తం విద్యార్థులు అన్నచోట, ఆవిడ గుండ్రటి చేతిరాతలో ‘ఎనిమిది’ అని ఉంది.