లెక్కకు రాని ఐదో మనిషి

కువైట్‌లో దిగిన రోజు మట్టిగాలి. విమానం మెట్ల మీదే నోరంతా ఇసుకైంది. లారీ ఎక్కించి కబ్ద్ ఎడారి వైపు తీసుకుపోయారు. తారురోడ్డు అయిపోయాక కూడా చాలా దూరం పోయాం. ముళ్ళకంచె, లోపల ఇనుప పైపులు, సిమెంటు బస్తాలు, జనరేటరు. గేటు పక్కన రేకుల గది. వీసా ఇచ్చిన కఫీల్ మనిషి లాఠీ, టార్చి, ఖాకీ చొక్కా ఇచ్చి నా పాస్‌పోర్టు తీసుకున్నాడు.

"మిలిటరీవాడివి. కాపలాలో నిద్రపోవు కదా?" అన్నాడు హిందీలో.

పాస్‌పోర్టు ఎప్పుడిస్తావని అడిగాను. నవ్వాడు. ఆ నవ్వును నేను నమ్మలేదు.

అది డెబ్భైల చివర. నాకు యాభై దాటాయి. మా వీధి పిల్లలు ఇప్పటికీ అడుగుతారు, యుద్ధంలో ఎంతమందిని చంపావు తాతా అని. ఎవరినీ చంపలేదు. తవ్వాను. అక్షరాలు అరవై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్నవాణ్ణి. చుట్టూ తిప్పి రాయడం రాదు.

యార్డులో వంటవాడిది కోనసీమ. నలభైకి దగ్గర పడ్డాడు. నన్ను బాబాయ్ అనేవాడు. డ్రైవరుది మా కడపే. ఒక శుక్రవారం మధ్యాహ్నం తిళ్ళు అయ్యాక డ్రైవరు అడిగాడు: "యుద్ధంలో ఏం పని చేసినావు పెద్దాయనా?" చెప్పాను.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా పయనీర్ కంపెనీని, మిలిటరీ తవ్వకాల దళాన్ని, మలయాకు పంపారు. కెడా వైపు, రబ్బరు తోటలు. విమానాలు కూలి పట్టుబడిన తెల్లవాళ్ళను జపాన్‌వాళ్ళు ఖైదులో పెట్టి, లొంగిపోయేముందు చంపి పూడ్చారు. ఎవరు ఎవరో తేల్చడం ఇంగ్లీషు సార్జంటు పని. తవ్వడం మా పని. పైన పలుగు, కింద తాపీ, అడుగుకు పోయాక ఉత్త చేతులు. వాన ఆగేది కాదు. గొయ్యి మీద టార్పాలిన్ కట్టి పని చేశాం.

గొయ్యి చూపించింది ఒక జపాన్ ఖైదీ. నలుగురన్నాడు. తవ్వితే ఐదుగురు. అందరి చేతులూ వెనక్కి ఒకేరకం తీగతో కట్టి ఉన్నాయి. నలుగురికి బూట్లున్నాయి. ఆ తెల్లవాళ్ళకు ఏ పన్ను పూడ్చారో ఏది పీకారో రాసిన పటాలు సార్జంటు దగ్గరున్నాయి. పుర్రెను ఒళ్ళో పెట్టుకుని, వేలితో పళ్ళు తడిమి చూసేవాడు. నలుగురికీ పేర్లు దొరికాయి.

ఐదోవాడివి ఉత్త కాళ్ళు. నడుముకు సగం చివికిన మొలతాడు. మావాళ్ళందరం చూశాం. మనవాడేనని తెలిసింది.

"వీడెవడు?" అని జపాన్‌వాణ్ణి అడిగాడు సార్జంటు. "నలుగురే," అన్నాడు వాడు. తెల్లఖైదీలకు కంచె మీదుగా అన్నం మూట విసిరిన తెలుగువాడొకడు ఉండేవాడని తోటలో ఒక ముసలమ్మ చెప్పింది. పేరు అడిగితే లోపలికి పోయింది. "నా లెక్క నాలుగు," అన్నాడు సార్జంటు. ఐదోవాణ్ణి పక్కనే వేరే గొయ్యిలో పెట్టాం.

ఇంతవరకు చెప్పేసరికి వంటవాడు కడుగుతున్న పళ్ళెం కింద పెట్టేశాడు.

"కెడాయేనా బాబాయ్? మా నాన్న అక్కడికే ఎల్లాడు. అప్పుడు నేను కడుపులో ఉన్నానంట. జపానోళ్ళొచ్చాక ఉత్తరం ముక్క లేదు. మా అమ్మ ఇప్పటికీ బొట్టు తియ్యలేదు."

నాకు అనుమానమొచ్చింది. అక్కడ తోటలకు కొదవలేదు, తెలుగువాళ్ళకూ కొదవలేదు. తండ్రి మొహం ఎరగనివాడికి ఏ ఎముకైనా తండ్రే.

"మొలతాడు అందరికీ ఉంటాది రా."

"దానికింకేమన్నా కట్టుందా?"

ఉంది. చిన్న ఇనుప తాళంచెవి. అది మాత్రం చెప్పలేదు. సార్జంటు నేర్పిన పద్ధతి అది. దొరికింది ముందు చూపించొద్దు, వచ్చినవాళ్ళనే చెప్పనివ్వు, చూపిస్తే అందరూ ఔననేవాళ్ళే. ఆ తాళంచెవిని మనిషితోపాటే పూడ్చాం.

"మీ అమ్మను అడుగు," అన్నాను. "ఆమె చెప్తే నేనూ చెప్తా."

అప్పట్లో ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాళ్ళు. వంటవాడు ఒకటి నింపి సెలవుకు పోయే ఒకడి చేత పంపాడు. ఇంకొకడి చేత జవాబొచ్చింది. ముగ్గురం టేప్‌రికార్డరు చుట్టూ కూర్చున్నాం. ముందు కోళ్ళ గోల. "మాటాడు మామ్మా, తిరుగుతోంది," అని ఎవరో పిల్ల. తర్వాత ఆమె.

"ఎవడ్రా ఆ మిలట్రీ ముసలాడు? నా మొగుడి మొలతాడుకేం కట్టుందో ఆడికెందుకు? నేను చెబితే అదే అంటాడు. చూసినోడైతే ముందు ఆణ్ణే చెప్పమను. అన్నం సరిగ్గా తింటన్నావా?"

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకు సరైన సార్జంటు తగిలింది పెద్దాయనా!"

వంటవాడు నవ్వలేదు. "తద్దినం పెట్టాలో మానాలో తెలీదు బాబాయ్. పెడితే బతికున్నోణ్ణి చంపినట్టు. మానితే సచ్చినోణ్ణి పస్తుంచినట్టు. మీ ఇద్దరి పంతం నా పీకల మీదకొచ్చింది. చెప్పు."

"చెప్తే ఔనంటావు. నీకు కావాల్సింది అదే."

ఆ తర్వాత చాలా రోజులు నా పళ్ళెంలో చారు తప్ప కూర పడలేదు. నేనూ అడగలేదు.

ఎనభైలు మొదలయ్యాక యార్డు మూసేశారు. నా ఇఖామా, అక్కడ ఉండే పర్మిట్టు, పొడిగించలేదు. ఖలాస్, పని అయిపోయింది పొమ్మన్నారు. పాస్‌పోర్టు చేతికొచ్చింది. లారీ ఎక్కేటప్పుడు వంటవాడు అడ్రసు కాగితం నా జేబులో కుక్కాడు.

బొంబాయిలో దిగి కడప పోలేదు. కోనసీమ పోయాను, దారి పొడుగునా ఆ కాగితం ఎవరెవరి చేతో చదివించుకుంటూ.

ఆమె అరుగు మీద కొబ్బరిపీచు పేనుతోంది. నుదుట పెద్ద బొట్టు. నేనెవరో చెప్పాను. పీట వేసి మంచినీళ్ళిచ్చింది.

"నువ్వు చెప్పక్కా," అన్నాను.

"పనిగట్టుకొచ్చింది నువ్వు. నువ్వే చెప్పు."

గ్లాసు ఖాళీ అయింది. మళ్ళీ నింపింది. కొడుకు వంట ఎలా ఉంటుందని అడిగింది. ఉప్పెక్కువన్నాను. "ఆడి నాన్నకీ అంతే. ఉప్పు లేందే ముద్ద దిగదు," అంది. "దిగేది కాదు" అనలేదు.

ఇన్నేళ్ళు పట్టుకున్న మాట వదిలేశాను. "తాళంచెవి."

లేచి లోపలికి పోయి ఒక పాత తాళం తెచ్చింది. బిగించే ఉంది. పెట్టె నుంచి ఊడబెరికిన కొండీ దానికే వేలాడుతోంది. "పెట్టెకేసి చెవి కట్టుకుపోయాడు. గింజలు దొరకని రోజుల్లో లోపలి గిన్నెలు అమ్ముకోవాల్సొచ్చింది. కొండీ పీకించాను. నువ్వు చూసింది ఎంతుంది?"

చిటికెనవేలు చూపించాను. తాళాన్ని వేలి పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"కాదు," అంది. "మాది పెద్దది."

తాళం కన్నం నేనూ చూశాను. పెద్దది పట్టే కన్నం కాదు.

చూపిస్తే అందరూ ఔనంటారని సార్జంటు చెప్పాడు. కాదనేవాళ్ళుంటారని చెప్పలేదు.

ఊరు చేరాక వంటవాడికి క్యాసెట్‌లో అంతా చెప్పాను. ఆమె అన్నదీ చెప్పాను, నేను చూసిందీ చెప్పాను. తేల్చుకోమన్నాను. జవాబొచ్చింది. "అమ్మ ఉన్నన్నాళ్ళూ పెట్టను బాబాయ్. ఆ పైన ఇద్దరికీ పెడతాను."

మలయా గొయ్యి నాకిప్పుడు మసకైపోయింది. ఆ కోనసీమ వీధి మాత్రం మసకవడం లేదు. ఆ రోజు మలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. ఆమె అరుగు మీదే ఉంది. తాళం ఒళ్ళో పెట్టుకుంది. కొబ్బరినూనెలో వేలు ముంచి, దాని కన్నంలోకి ఒక్కో చుక్కా వదులుతోంది.