ఆ తల్లి మాట్లాడిన ఇంగ్లీషు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. చిన్నదే. రెండు వాక్యాలు కూడా ఉండదు. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

పందొమ్మిదివందల అరవైల చివర్లో నేను శ్రీకాకుళంలో ఇంగ్లీషు లెక్చరర్ని. కళింగపట్నం పక్క పల్లెలో పుట్టాను. మా అమ్మ ఎండుచేపలు అమ్మి నన్ను చదివించింది. చదువుకి గోదావరి వైపు వెళ్లినప్పుడు నేను నోరు విప్పితే హాస్టలంతా నవ్వేది. ఒక ఏడాది దాదాపు మాట్లాడకుండా గడిపి, వాళ్ల మాట నేర్చుకున్నాను. తిరిగొచ్చాక నాది గోదావరి జిల్లా అనే చెప్పుకున్నాను. అమ్మని టౌనుకి ఒక్కసారీ తీసుకురాలేదు.

అప్పట్లో ఊళ్లో ఒక సాహిత్య సంఘం ఏటా అనువాదం పోటీ పెట్టేది. ఇంగ్లీషు కథలో కొంత భాగం ఇస్తారు, తెలుగు చెయ్యాలి. గెలిచినవాళ్లకి పిల్లల కథల పుస్తకాలు తెలుగు చేసే పని దొరుకుతుంది. అంతకుముందు సంఘం పెద్దల బంధువులే గెలుస్తున్నారని గొడవైంది. న్యాయంగా జరిపించమని నన్ను పిలిచారు. కాగితాల మీద పేర్లు తీసేసి నంబర్లు వేయించాను. ప్రతి బల్ల మీదా ఒక నిఘంటువు పెట్టించాను. ఇంత నిక్కచ్చిగా ఎప్పుడూ జరగలేదని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, నన్ను.

భాగం కూడా నేనే ఎంచాను. సముద్రం మీదికి వెళ్తున్న కొడుకుతో ఒడ్డున ఒక తల్లి మాట్లాడుతుంది. బెస్తల తల్లి. ఆవిడ ఇంగ్లీషు మొరటు పల్లె ఇంగ్లీషు, వ్యాకరణం లేనిది. ఎందుకు అదే ఎంచాను? ఇప్పటికీ తెలియదు.

కాగితాలు దిద్దేవాళ్లం ఇద్దరం. నాతోపాటు ఒక ముసలి తెలుగు పండితుడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. భాష ఆయన చూడాలి, అర్థం నేను చూడాలి. అందరి కాగితాల్లోనూ ఆ తల్లి 'భోజనము చల్లారకముందే తిరిగి రమ్ము' అంటోంది. ఒక్క కాగితంలో మాత్రం 'కూడు సల్లారిపోద్ది, బేగి వొచ్చీ నాయినా' అంది.

ఆ వాక్యం మళ్లీ చదివాను. అది మా అమ్మ గొంతు.

పేరు దాచగలిగాను గాని, మాటని దాచలేకపోయాను. రాసిందెవరో తెలియకపోయినా ఎలాంటి ఇంటి నుంచి వచ్చిందో తెలిసిపోయింది. మూలాన్ని సరిగ్గా చదివింది ఆ రాసినవాళ్లొక్కరే. అదీ తెలిసింది.

పండితుడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఛాందసుడు కదా, పక్కన పడేస్తారనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మూలంలో ఆ తల్లి ఇలాగే మాట్లాడుతోందా అని నన్ను అడిగారు. అలా అయితే ఇదే మొదటిది అన్నారు.

అవును అంటే సరిపోయేది.

లేదండీ అన్నాను. మూలంలో ఆవిడది శుద్ధమైన ఇంగ్లీషు, ఈ కాగితం అర్థమే మార్చేసింది అన్నాను. ఆయన నన్ను నమ్మి కాగితాన్ని పక్కన పెట్టేశారు.

ఎందుకన్నాను? దొరికిపోతానన్న భయమా? కాదు, నన్నెవరూ అనుమానించలేదు. అసూయ అని చాలాకాలం అనుకున్నాను. అదీ కాదేమో. ఆ మాటకి సభలో శాలువా కప్పితే, ఆ మాటనే గొంతులో పాతిపెట్టుకున్న నేనేమవుతాను? అమ్మని దాచుకున్న ఏళ్లన్నీ ఏమవుతాయి? ఈ ప్రశ్నలు కూడా తర్వాత అల్లుకున్నవే కావచ్చు. ఆ క్షణంలో మాత్రం అబద్ధం ఎంతో సులువుగా వచ్చింది.

ఫలితాలు చెప్పిన మర్నాడు ఒక అమ్మాయి కాలేజీ వరండాలో నాకోసం నిలబడి ఉంది. పేరు రూతు. ఆ కాగితం తనదే. టీచరు ట్రైనింగు చదువుతోంది. తండ్రి మా పక్క పల్లెలోనే చర్చిలో పాస్టరు.

"మాస్టారూ, నేను ఏటి తప్పు రాసీసానో సెప్తారా? నేర్సుకుంతాను," అంది.

"అర్థం తప్పింది. పైగా అది తెలుగు కాదమ్మా," అన్నాను.

"ఆవిడదీ పల్లె ఇంగ్లీసే కదా మాస్టారూ?"

"నీకు అలా అనిపించింది."



"అయితే మాయమ్మ మాటాడేది తెలుగు కాదేటి?" అంది. కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగింది.

గంట కొట్టారు. క్లాసుందని లోపలికి వెళ్లిపోయాను.

పండితుడు ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదు. ఆయనకి చెప్పే అవకాశాలు వచ్చాయి. చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత పరీక్షల పని మీద గరివిడిలో ఒక బడికి వెళ్లాను. పక్క గదిలో ఒక పిల్ల, "సెప్తాను టీచర్," అంటోంది. "సెప్తాను కాదు, చెప్తాను. అది తెలుగు కాదు. మళ్లీ అను," అంటోంది టీచరు. ఆ పిల్ల అనలేకపోతోంది. అనేదాకా కూర్చోనివ్వలేదు.

బయటికొచ్చిన టీచరు రూతు. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టింది. కుశలమడిగింది. ఎక్కడా పొల్లు పోని తెలుగు, అచ్చం నాలాగే. ఆ రోజు మీరు చెప్పడం మంచిదైంది, లేకపోతే ఈ పిల్లలకి కూడా అదే మాట అంటగట్టేదాన్ని అంది. ఆ వాక్యం విన్నాక ఏ రాత్రీ నాకు సరిగ్గా తెల్లవారలేదు. అక్కడే నిజం చెప్పాల్సింది. చెప్పి ఏం చెయ్యను? ఆమె ఎన్ని బ్యాచ్‌ల పిల్లల చేత 'చెప్తాను' అనిపించిందో. వాళ్లందరి దగ్గరికీ ఎవరు వెళ్తారు? టీ ఇస్తానంది, తాగాను, బస్సెక్కేశాను.

దీన్ని మా అమ్మ మాటలో రాద్దామని కూర్చున్నాను. రెండు ముక్కలు కూడా రాలేదు. ఆ మాట పోయింది. మళ్లీ రాదు.

క్షమించమని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు కనుక. ఆ తల్లి పల్లె ఇంగ్లీషే మాట్లాడింది. రూతు రాసిందే సరైనది. అబద్ధం చెప్పింది నేను. ఈ మూడు ముక్కలూ కాగితం మీద పెట్టాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే.