బొమ్మకు సున్నా

ఇసుక మీద వలలు ఆరేసిన చోట ఎవరి ఫోనో రెండుసార్లు టింగుమంటుంది. ఆ వెంటనే ఒక ఆడగొంతు గాలి సంగతి చెబుతుంది. మా రామయ్యపట్నంలో అందరికీ అది మంచి చప్పుడే. నాకు మాత్రం ఆ టింగు వినగానే నోరు చేదవుతుంది, ప్రకాశరావు బాబు గుర్తొస్తారు. ఆయన పోయి ఏడాదయింది. నాకు రాత సరిగా రాదు. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. పోయినవాళ్లు కదా అని మెత్తబరచి రాయొద్దని దానికి ముందే చెప్పాను.

బాబుది బరంపురంలో లంజిపల్లి. ముందు గదిలో కంప్యూటర్లు పెట్టుకుని, చేపలవాళ్ల సంఘం తరఫున గాలివాన హెచ్చరికలు ఫోన్లకు పంపే ఏర్పాటు చూసేవారు. నేను ఆ వీధిలో "మాఛ, మాఛ" అని ఒడియాలో కేకేసుకుంటూ చేపలమ్మేదాన్ని. ఒకరోజు పక్కింటావిడ గుమ్మంలోంచి, "రేపు సందువా ఉంటే సందువా, లేకపోతే కోనెం. అదీ దొరక్కపోతే నీ ఇష్టం. టేకు సేప మాత్రం వొద్దు, మా అత్తగారు కంచం తోసేస్తారు" అంది. బాబు గేటు పట్టుకుని అంతా విన్నారు.

"ఇన్ని ఇళ్ల మాటలు ఎలా గుర్తెట్టుకుంటావు నూకాలూ?" అన్నారు.

"ముందు వొద్దన్నది తీసేత్తాను బాబూ. మిగిలినదాంట్లో ఎక్కువ ఇష్టం ఏటో సూత్తాను. నీ ఇష్టం అన్నారు కదాని టేకు తెత్తే, రేపట్నించి గుమ్మం ఎక్కనిత్తారేటి?"

ఆయన పగలబడి నవ్వి, తన మిషను కూడా ఇదే పని చేయాలి, ఇంకా కుదరడం లేదు అన్నారు. లోపలికి పిలిచి చెప్పారు. ప్రతి ఫోనూ హెచ్చరిక అడిగేటప్పుడు ఒక చీటీ పంపుతుందట. గొంతయితే నాకింత ఇష్టం, అక్షరాలయితే ఇంత, బొమ్మయితే ఇంత అని పక్కన మార్కులు. మార్కు వేయకపోతే పదికి పది అని అర్థం. సున్నా వేస్తే అసలు వద్దని. మిషను ఆ చీటీని ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్క పక్కన మార్కు చూసి, తన దగ్గర ఉన్నవాటిలో ఎక్కువ మార్కు వచ్చినది పంపాలి.

మర్నాటి నుంచి బుట్ట ఖాళీ అయ్యాక నన్ను బల్ల ముందు కూర్చోబెట్టేవారు. రకానికొకటి చొప్పున ఫోన్లు వరసగా ఉండేవి. బొత్తాం నొక్కి ఏమి వచ్చిందో చెప్పడం నా పని. నాకేం తెలుసు బాబూ అంటే ఆయన కోప్పడేవారు. "తెలీదనకు. నీ కంటికి ఏటి కనబడిందో అదే సెప్పు. నువ్వు సెప్పిందే సాక్ష్యం." ముప్పై ఏళ్లు చేపలమ్మాను, నా మాట సాక్ష్యమని అంతకుముందు ఎవరూ అనలేదు. అంకెలు నేర్పింది కూడా ఆయనే. మొదట నేర్పింది సున్నా, రాయడం తేలికని.

ఒకరోజు ఒక పాత బొత్తాల ఫోనులో గొంతు రాలేదు, బూడిద రంగు డబ్బా ఒకటి వచ్చి అలాగే ఉండిపోయింది. చెప్పాను. ఆయన వేరే పనిలో ఉన్నారు.

"పాత రకం నూకాలూ. ఇంకా ఎవరు వాడతారు దాన్ని?"

"మా ఆయన వాడతాడు బాబూ."

"సరే, సూస్తాలే."

చూడలేదు. నేనూ మళ్లీ అడగలేదు. పెద్దాయనకు గుర్తుండదా అనుకున్నాను.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం నేను బరంపురంలో ఉండగా మా ఆయన ఎర్రయ్య ఒంటరిగా తెప్ప దించాడు. ఫోను ఇంట్లోనే వదిలాడు. ఊళ్లో మా పక్కింటి గంగయ్య తరవాత చెప్పాడు: "టింగుమంటే సూసేడు వొదినా. ఏటీ నేదురా, ఏదో డబ్బా వొచ్చింది, గాలుంటే గొంతు పలికేది కదా అనీసి ఎల్లిపోనాడు." సాయంత్రానికి సముద్రం లేచింది. మూడో రోజు తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు.

ఊరి పంచాయతీలో సంఘం మనిషి కాగితం చదివాడు. హెచ్చరిక ఎర్రయ్య ఫోనుకు చేరింది, చేరినట్టు మిషనులో ఉంది, అతనే లెక్కచేయలేదు అన్నాడు. "తాగీసి ఉంటాడు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నా మొగుడు పొద్దున టీ తప్ప ఏదీ తాగేవాడు కాదు. బాబు అక్కడే కుర్చీలో ఉన్నారు. నేను ఆయన వైపే చూశాను. ఆయన తల ఎత్తలేదు.

కర్మ అయ్యాక ఆ ఫోను తీసుకుని లంజిపల్లి వెళ్లాను. తప్పెక్కడ జరిగిందో ఆయన అప్పటికే వెతికి పట్టుకున్నారు. ఆ ఫోను చీటీలో గొంతుకు తొమ్మిది, అక్షరాలకు అయిదు, బొమ్మకు సున్నా. మిషను ఆ సున్నాను చూసి, ఇక్కడ మార్కే లేదనుకుని పది వేసింది. ఆ ఫోను తెరవలేని బొమ్మే పంపింది, ఆ బూడిద రంగు డబ్బా అదే.

"అంటే వొద్దన్నదాన్నే ఎక్కువ కావాలన్నట్టు ఇచ్చింది" అన్నాను.

"అవును. తప్పు నాదే. దిద్దేశాను."

"ఆ మాట మా ఊరొచ్చి సెప్పండి బాబూ. తాగుబోతంటన్నారు ఆయన్ని."

ఆయన అన్నారు: "సెప్తే రేపట్నించి ఈ హెచ్చరిక ఒక్కడూ నమ్మడు నూకాలూ. నమ్మక ఇంకెందరు పోతారో."

అది అబద్ధమని నేననను. కానీ నమ్మకం నిలబెట్టడానికి నా మనిషి పేరే దొరికిందా అని నన్ను నేను అడుగుతూనే ఉంటాను. బాబు పోయేదాకా ఆ మాట ఊళ్లో చెప్పలేదు. నేనూ నోరు కట్టుకున్నాను. నా మాట సాక్ష్యమన్నది ఆయనే, నేనే దాన్ని దాచుకున్నాను.

"మావయ్య పేరు రాయమంటావా అత్తా?" అని ఈ పిల్ల అడుగుతోంది. రాయమన్నాను. ఎర్రయ్య హెచ్చరిక విని పెడచెవిన పెట్టలేదు, అది అతనికి వినపడే తీరులో రాలేదు.

ఇప్పటికీ ఏ గుమ్మంలోనైనా ముందు ఏది వద్దో అడిగి, తరవాతే బుట్ట దించుతాను. మొన్న బాబు భార్య, "అందరూ ఏటి కావాలని అడుగుతారు, నువ్వేటి ఇలా అడుగుతావు?" అంది. అలవాటమ్మా అని కోనెం ముక్కలు తూచి ఇచ్చాను. ఆవిడకు చదువొచ్చు. ఇది అచ్చయితే చదువుతుంది. ఆ తరవాత గేటు తీస్తుందో తీయదో, నేను మాత్రం వెళ్లి కేకేస్తాను.