అరవై మూడో పేజీలో జోలపాట

కొలిచి, రాసి, సరిచూసిందే నిజమని నేర్పిన చదువు నాది. దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వేవాణ్ణి. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పుడు దోహాలో వరల్డ్ కప్ స్టేడియం పనులు జోరు మీదున్నాయి. నేను సైట్‌లో క్వాలిటీ ఇంజనీర్‌ని. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో నా గదిలోనే ఉండే లింగన్న మా సైట్ ఫోర్‌మన్. వాళ్లది జగిత్యాల వైపు.

సెలవు రోజైన శుక్రవారాలు నాకో వ్యాపకం ఉండేది. నూరేళ్ల కిందటి విశ్వవిద్యాలయ విద్యార్థుల పరిశోధన పత్రాలను ఆన్‌లైన్‌లో చూసి, వాటిలోని తెలుగు భాగాలు టైపు చేసి పంపడం. చేపలు, భూమి శిస్తు, నక్షత్రాలు, తాటిబెల్లం... ఒక్కొక్కరిది ఒక్కో శాస్త్రం. పేజీ, పంక్తులు, సమయం పట్టికలో రాసుకునేవాణ్ణి.

లింగన్నకు ఐదు నెలల కూతురు. ఇంకా కళ్లారా చూడలేదు. రోజూ ఫోన్‌లో జోల పాడేవాడు, రెండే వరసలు. చనిపోయిన వాళ్లమ్మ పాడిన పాట. మిగతాది గుర్తులేదు. రెండు వరసలూ అవగానే పాప ఏడుపు. "మా అమ్మ పాట మొత్తం దీనికి ఇయ్యలేకపోతి" అని బాధపడేవాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నా ముందున్నది సున్నం గార మీద ఒక విద్యార్థి రాసిన పత్రం. దంచే ఆడవాళ్ల పాట ముగిసేసరికి గార సిద్ధమవుతుందట. అదే వాళ్ల కొలత. తర్వాతి పేజీలో పాట ఉంది. అలవాటుగా పైకి చదువుతూ టైపు చేస్తున్నాను.

"జుమ్మా నాడన్న కండ్లకు సుట్టీ ఇయ్యి తమ్మీ" అని నవ్వుతున్న లింగన్న గబుక్కున మంచం దిగాడు.

"ఆగు! గిది మా అమ్మ పాట. మల్ల సదువు."

దంచవే సున్నము దంచవే అక్కా
దంచితె ఎన్నెల లెక్క రావాలె
ఎండల పోయేటి నా చిన్ని కొడుకా
ఏ గోడ నీడనో సల్లంగ ఉండు

వెంటనే ఇంటికి ఫోన్ చేసి నాలుగు వరసలూ పాడాడు. పాప కళ్లు మూసింది. పక్కనే ఉన్న లింగన్న అక్క మాత్రం ఏడ్చేసింది.

"ఆఖరి రెండు వరసలు పాటలయి కావురా. నువ్వు ఉయ్యాలల ఉన్నప్పుడు అమ్మ నీకోసం కట్టింది. నీకెవలు చెప్పిన్రు?"

సరిచూద్దామని పత్రం మళ్లీ తెరిచాను. మొత్తం అరవై రెండు పేజీలు. చివరి పేజీ "ఆ పాట ఇది" అని ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ పత్రాలను ఆన్‌లైన్‌లో పెట్టిన నిర్వాహకులకు రాశాను. వాళ్లకు దొరికినప్పటి నుంచీ అన్నే పేజీలట.

నా పట్టికలో మాత్రం ఉంది: పేజీ 63, పంక్తులు 4, సమయం 2.40. లింగన్న నోటనే విన్నానా అంటే, ఆఖరి రెండు వరసలు ఆయనకే తెలియవు.

ఎలా జరిగిందో ఈనాటికీ చెప్పలేను. తప్పు నమోదు కనిపిస్తే కొట్టేయడం నా అలవాటు. దాన్ని కొట్టేయలేదు. పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. వాళ్ల నాయనమ్మ పాట మొత్తం దానికి వచ్చు.