రాకెట్టుకి పదకొండు పూతలు

మా పాలిష్ బాబాయి ముప్పై ఏళ్లుగా బీరువాలకీ తలుపులకీ పాలిష్ పెడుతున్నాడు. ఆయన చెయ్యి పడిన బల్ల మీద ఈగ వాలితే జారిపడి కాలు విరగ్గొట్టుకుందట! నేను చూళ్లేదు గానీ, చూసినవాళ్లే చెప్పారు.

ఆయన కూతురు బళ్లో సైన్సు టీచరు. అట్టగొట్టాలతో పిల్లల చేత బుల్లి రాకెట్లు చేయిస్తుంది. హెడ్మాస్టరుకి అది గిట్టదు. "శనివారం వంద మీటర్లు ఎగిరితే సరే. లేదంటే ల్యాబు గది ఖాళీ చెయ్యండి, విరిగిన బెంచీలు పెట్టుకుంటాం" అనేశాడు. రాకెట్టేమో డెబ్బై దాటి చావదు. ఆ పిల్లకి తిండి లేదు, నిద్ర లేదు.

"ముక్కు ఇంకా సూదిగా చెక్కాలేమో నాన్నా" అంది.

బాబాయి కళ్లు మూసుకుని రాకెట్టుని తడిమాడు. ఆయన చూపంతా వేళ్లలోనే ఉంటుంది మరి.

"ముక్కు బానే ఉంది తల్లీ. ఈ తోక రెక్కల అంచులు చూడు, ఇటుకల్లా ఉన్నాయి. అతికించినచోట జిగురు గడ్డలు. గొట్టం చుట్టూ గాడి. ఇన్ని పిలకలు దొరికితే గాలి ఊరుకుంటుందా? పట్టుకుని వెనక్కి లాగదూ?"

"దాన్నే డ్రాగ్ అంటారు నాన్నా!"

"ఏదో ఒకటి అను. నాకొదిలెయ్."

రెక్కల ముందంచు గుండ్రంగా, వెనకంచు పల్చగా అరగదీశాడు. గాడి పూడ్చాడు. అక్కడితో ఆగితే ఆయన మా బాబాయి ఎందుకవుతాడు? చేతి దురదకొద్దీ పదకొండు పూతలు వేశాడు. అందులో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు!

శుక్రవారం పొద్దున ఎగరేశారు. లోపల పెట్టిన, ఎత్తు కొలిచే గుండీ అంత మీటరు అరవై రెండు చూపించింది. మునుపటికంటే తక్కువ!

పిన్ని దాన్ని వంటింటి కాటా మీద పెట్టింది. "ఏమయ్యా, రాకెట్టు చేశావా, రోకలి చేశావా? బరువు ఒకటిన్నర రెట్లయింది!"

"గాలి వదిలింది గానీ బరువు పట్టుకుంది నాన్నా" అని కూతురు తల పట్టుకుంది.

బాబాయి గరుకు కాగితం తీసుకుని, తన పాలిష్ తనే గీకడం మొదలెట్టాడు. జన్మలో చెయ్యని పని! సాయంత్రానికి ఒక్క పల్చటి పూత మిగిల్చాడు. అద్దంలా మెరవదు గానీ, వేలికి ఏమీ తగల్దు.

శనివారం బడంతా మైదానంలోనే. రాకెట్టు సర్రున పోయింది. దాని గొడుగు విచ్చుకుని కిందికి దిగేదాకా ఎవరూ ఊపిరి తియ్యలేదు. హెడ్మాస్టరు ఆ మీటరుని కళ్లజోడు పెట్టుకుని ఓసారి, తీసి ఓసారి చూశాడు. నూట పదమూడు!

"సరేనమ్మా, గది నీదే. బెంచీలు నా గదిలో పెట్టుకుంటాలే" అన్నాడు.

అప్పుడు బాబాయి విడిచిన ఊపిరికి హెడ్మాస్టరు చేతిలో కాగితాలు గోడ దాటి పోయాయంటే నమ్మండి. కూతురు ల్యాబులో స్టూలు మీద కూలబడి రెండు చెంబుల నీళ్లు గటగటా తాగింది. ఇంటికెళ్లి, అన్నం కంచం ముందు కూర్చునే నిద్రపోయిందట.