ఫోటో తీసింది పిచ్చుక

ఆమెకు జిగురత్త అని పేరు పెట్టింది మేనకోడలు. బైండింగు షాపులో పని ముగించుకుని వచ్చేసరికి ఆమె వేళ్ల సందుల్లో మైదా జిగురు ఎండి పొరలుగా లేచేది. పసిది ఒళ్లోకి ఎక్కి ఆ పొరల్ని ఒక్కొక్కటే ఒలిచేది. పెద్దవాళ్లు కూడా ఆ పేరే ఖాయం చేశారు. ఆమెది ఉడుంపట్టు అని వాళ్లకు అప్పటికే తెలుసు.

షాపులో ఆమె లెక్కల పుస్తకాలకు, బడిపిల్లల రికార్డులకు అట్టలు వేసేది. మిగిలిన మందపాటి కాగితాలను యజమానిని అడిగి ఇంటికి తెచ్చుకుని పెద్ద పుస్తకాలుగా కుట్టేది. వీధిలోవాళ్లు తమ ఫోటోలు పట్టుకొచ్చేవాళ్లు. ఆమె వాటిని ఆ పుస్తకాల్లో అమర్చి, ప్రతి ఫోటో పక్కన దాని కథ రాసిచ్చేది. దానికి ఒకటే షరతు. ఫోటో తెచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుని కథ నోటితో చెప్పాలి. చెప్పని ఫోటోకి పక్కన చోటు ఖాళీగా ఉంటుంది.

"మీరే ఏదో ఒకటి అందంగా రాసెయ్యండమ్మా" అనేవాళ్లు బద్ధకస్తులు.

"అబద్ధాలు రాయడానికి పేపరోళ్లు ఉన్నారు, నేనెందుకు?" అనేది.

మందుల షాపాయన ఒకసారి భార్యతో సముద్రం ఒడ్డున దిగిన ఫోటో తెచ్చి, ఆ రోజు తామిద్దరూ ఎంత సంతోషంగా ఉన్నారో చెప్పాడు. మర్నాడు ఆయన భార్య వచ్చి, ఆ రోజంతా తాను ఏడుస్తూనే ఉన్నానని చెప్పింది. జిగురత్త రెండూ రాసింది, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. ఆ పుస్తకం ఇప్పటికీ వాళ్లింట్లో ఉంది. ఒకరి పేజీ ఒకరు చదవరు.

జిగురత్తకు ఒక్కతే చెల్లెలు. సన్నగా, గలగలా మాట్లాడుతూ, ఒకచోట నిలవకుండా తిరిగేది కాబట్టి పిచ్చుక. బస్సు డిపోలో పాసులిచ్చే కిటికీ దగ్గర పనిచేసేది. పుట్టుకతోనే ఎడమ చెంప మీద అరచేయంత నల్లమచ్చ. "దేవుడు నన్ను దిద్దుకుంటూ సిరా ఒలకబోశాడు" అని తనే చెప్పి, ఎదుటివాళ్లు నవ్వాలో వద్దో తెలియక తికమక పడుతుంటే తను ముందు నవ్వేది. అక్కచెల్లెళ్లిద్దరూ పెళ్లిళ్లు చేసుకోలేదు. బైండింగు షాపు మీది రెండు గదుల్లో కలిసి బతికారు.

నాలుగు వీధుల అవతల అన్నయ్య ఇల్లు. ఆ ఇంట్లోకి మొదటి కెమెరా వచ్చినరోజే వదిన దాన్ని పిచ్చుక చేతిలో పెట్టింది. "నీ చెయ్యి వణకదమ్మా. నువ్వే తియ్యి."

పిచ్చుక దాన్ని మెప్పు అనుకుంది. రెండేళ్లు అలాగే అనుకుంది. తర్వాత అర్థమైనా ఏమీ అనలేదు. ఎక్కడ నలుగురూ వరసగా నిలబడ్డా ఐదో మనిషిగా ఎదురుగా నిలబడి, ఒక కన్ను మూసి, "కాస్త దగ్గరికి జరగండి, కొట్టుకోరులే" అనేది. కెమెరాలు మారాయి. పిల్ల పెద్దదైంది, దానికీ పిల్లలు పుట్టారు. ఎదురుగా నిలబడే మనిషి మాత్రం మారలేదు.

పోయినేడు వానల్లో పిచ్చుకను ఒక్క వారం జ్వరం తీసుకుపోయింది. దండ వేసి బల్లమీద పెట్టడానికి ఒక ఫోటో కావాలన్నారు. అన్నయ్య ఇంట్లోని ఆల్బములన్నీ నేలమీద పరిచి అందరూ వెతికారు. వదిన మెట్లమీద, వదిన తోటలో, వదిన కొత్త సోఫాలో. పిచ్చుక ఎక్కడా లేదు. చివరికి డిపో గుర్తింపు కార్డుమీది గోరంత ఫోటో దొరికింది. దానిమీద గుండ్రటి ముద్ర సగం మొహాన్ని కప్పేసింది. పెద్దది చేయించడానికి తీసుకెళితే స్టూడియో అతను, "ముద్ర చెరిపితే పెదవులు కూడా పోతాయమ్మా" అన్నాడు. ఉన్నదున్నట్టే పెద్దది చేయించారు.

వచ్చినవాళ్లు ఆ ఫోటో చూసి, ఇంతకంటే మంచిది లేదా అని అడిగారు. హాలు నిండా జనం. వదిన కళ్లొత్తుకుంటూ అంది: "దానికి ఫోటోలంటే ఇష్టం ఉండేది కాదండీ. రమ్మన్నా తప్పించుకునేది."

జిగురత్త తల ఎత్తి చూసింది. ఆ మాట గుండెలో గునపంలా దిగింది. చెల్లెలు చచ్చిపోయింది, సరే, అందరూ చచ్చేవాళ్లే. కానీ ఇక ఆ చెల్లెలు జనం నోట్లో ఫోటోలంటే ఇష్టంలేని మనిషిగా మిగిలిపోతుంది. ఏ నోరు ఆ మాట అందో ఆ నోరే, ఆ జనం ముందే దాన్ని వెనక్కి తీసుకోవాలి. అప్పటిదాకా తను పోకూడదు. జిగురత్త ఏడాదిపాటు ఆ ఒక్క పట్టుమీదే బతికింది.

ఏడాది తిరిగాక వదినే వచ్చింది, సంచీ నిండా ఫోటోలతో. అన్నయ్యకూ తనకూ పెళ్లయి నలభై ఏళ్లు నిండుతున్నాయి, చుట్టాలందరినీ భోజనానికి పిలుస్తున్నారు.

"ఊళ్లోవాళ్లందరికీ చేసిస్తావు. సొంతవాళ్లకు చెయ్యవా? మా కథలూ రాసిపెట్టు."

"ఎందుకు రాయను వదినా? కూర్చో, చెప్పు."

వదిన కుర్చీలో సర్దుకుంది. "ఇది కొత్త ఇంట్లోకి వచ్చిన రోజు. మెట్లమీద మీ అన్నయ్య, నేను, అమ్మాయి. ఇంటి ప్లాను నేనే చెప్పి గీయించాను, అది కూడా రాయి."

"రాశాను. ఫోటో ఎవరు తీశారు?"

"ఎవరో తీశారు. నీకెందుకు?"

"పుస్తకానికి కావాలి."

"పిచ్చుక అయ్యుంటుంది."

జిగురత్త రాసుకుంది. వదిన ఇంకోటి తీసింది. "ఇది అమ్మాయి మొదటిసారి బడికెళ్లిన రోజు."

"ఎవరు తీశారు?"

"పిచ్చుకే."

"ఇది?"

"పిచ్చుక. ఏమిటే, పోలీసువాడిలా ఒకటే ప్రశ్న? కెమెరా ఎప్పుడూ దాని చేతిలోనే ఉండేదని నీకు తెలీదూ?"

"తెలుసు. నువ్వు చెబితే వినాలని."

"వయసు మీదపడేకొద్దీ నీకు చాదస్తం ముదురుతోంది" అని వదిన నవ్వింది.

అన్నిటికీ గలగలా చెప్పిన వదిన ఒక్క ఫోటో దగ్గర ఆగింది. అందులో వాళ్లమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని, పళ్లులేని నోరంతా తెరిచి నవ్వుతోంది. కెమెరా కనిపిస్తే కొంగు అడ్డం పెట్టుకునే ముసలావిడ. ఆవిడకున్నది ఆ ఒక్క ఫోటోనే.

"మా అమ్మ. అంతే. చెప్పడానికేం లేదు."

"నవ్వెందుకు?"

"ఏమో. ఎవరికి గుర్తు?" అని వదిన లేచింది.

ఆ రోజు జిగురత్త అక్కడ లేదు. తను చూడనిది తను రాయదు. ఆ ఫోటో పక్కన చోటు ఖాళీగా వదిలేసింది.

మామూలుగా ఆమె ఫోటోలను అంటించేది కాదు. నాలుగు మూలలా కాగితపు జేబులు చేసి, కావాలంటే బయటికి తీసుకునేలా దోపేది. ఈసారి మైదా ఉడికించింది. వెనకంతా జిగురు పూసి, అరచేత్తో ఒత్తి, పైన ఇటుకలు పెట్టింది. గోరువెచ్చని తడిగుడ్డ కాసేపు వేసి ఉంచితే ఆ జిగురు పట్టు వదులుతుంది. ఆ సంగతి బైండింగు పని తెలిసినవాళ్లకే తెలుసు.

ప్రతి ఫోటో పక్కన వదిన చెప్పిన కథను ఒక్క మాట మార్చకుండా రాసింది. దాని కింద, అదే సిరాతో, తనకు తెలిసింది రాసింది. అలా రాస్తుండగానే ఒక సంగతి కనబడి ఆమె పెన్ను ఆగింది. అన్ని ఫోటోల్లోనూ వదిన సూటిగా చూస్తున్నది పిచ్చుకనే. ఏ మొహాన్ని ఫోటోలోకి రానివ్వలేదో, ఇన్నేళ్లూ ఆ మొహం వంకే చూసి నవ్వింది. జిగురత్త కూడా నవ్వింది. ఆ నవ్వు ఎవరైనా చూసి ఉంటే భయపడేవాళ్లే.

భోజనాల రోజున, పిచ్చుక పోయినప్పుడు వచ్చినవాళ్లే మళ్లీ ఆ హాల్లోకి వచ్చారు. మేనకోడలు పుస్తకం ఒళ్లో పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. వదిన ఇంటి ప్లాను గురించి చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత కింది పేరా వచ్చింది.

"ఫోటో తీసింది పిచ్చుక. మెట్టుమీద పొడుగ్గా పడిన నీడ ఆమెదే. ఆ పొద్దున గిన్నెల పెట్టెలన్నీ మోసింది ఆమె. ఫోటో అయ్యాక, ఇప్పుడు నువ్వు వచ్చి నిలబడు అని ఎవరూ అనలేదు."

చప్పట్లు ఆగాయి. మేనకోడలు పేజీ తిప్పింది.

"ఫోటో తీసింది పిచ్చుక. మూలన మసగ్గా ఉన్నది ఆమె బొటనవేలు. ముందురోజు పాప బడి గౌనుకు గుండీలు కుట్టిన వేలు అదే." చదువుతున్న గొంతు సన్నబడింది. "అత్తా, నా గుండీలు చిన్నత్త కుట్టిందా? అమ్మ కుట్టిందనుకున్నానే!"

"తర్వాతి పేజీ చదువు" అంది జిగురత్త.

తర్వాతి పేజీలో బీరువా అద్దం. అద్దంలో పిచ్చుక మొహం ఉండాల్సినచోట తెల్లటి ఫ్లాష్ మెరుపు. ఆ తర్వాతిది తోట. మేనకోడలి పిల్లలు తల్లి భుజాలమీంచి వంగి, నీడ ఎక్కడుందో, వేలు ఎక్కడుందో పోటీపడి వెతకసాగారు. "ఇదిగో చిన్నమ్మమ్మ మోచెయ్యి!" అని ఒకడు అరిచాడు. వదిన కొత్త బట్టలను ఎవరూ చూడటంలేదు.

వదిన లేచి వచ్చి పుస్తకం మూసింది. "ఏమిటే ఇది? నా పండగపూట నా ఇంట్లో నన్ను పదిమందిలో నిలబెట్టి..."

"నేనేం నిలబెట్టాను వదినా? ఎవరు తీశారంటే పిచ్చుక అన్నది నువ్వేగా."

అన్నయ్య దగ్గాడు. ఇంట్లో ఎప్పుడు తగువు వచ్చినా ఆయన చేసే మధ్యవర్తిత్వం అదే.

"ఈ పుస్తకం నాకొద్దు. నా ఫోటోలు నాకు తీసిచ్చెయ్" అంది వదిన. ఒక పేజీ తెరిచి ఫోటో అంచు గోటితో లేపబోయింది. రాలేదు. ఇంకో పేజీ తిప్పింది. అక్కడ వాళ్లమ్మ నవ్వుతోంది. వదిన చెయ్యి ఆగిపోయింది. గొంతు దిగింది.

"పోనీ ఇదొక్కటి తీసివ్వు. మా అమ్మది ఇంకోటి లేదు."

"దీని పక్కన ఖాళీగా ఉంది చూశావా? కథ చెప్పు, తీసిస్తాను."

"ఇప్పుడా? ఇంతమందిలోనా?"

"పిచ్చుక పోయినప్పుడూ ఇంతమందేగా ఉన్నది."

వదిన చుట్టూ చూసింది. ఎవరూ కదల్లేదు. కూతురు తలెత్తి తల్లినే చూస్తోంది. వదిన కుర్చీలో కూలబడింది.

"ఆ రోజు... పిచ్చుక కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. మా అమ్మ పిలిచింది దాన్ని, నా పక్కన నిలబడవే అని. అది వచ్చి నిలబడింది కూడా. మా అమ్మకున్న ఒక్క ఫోటోలో ఆ మచ్చ ఎందుకని..." వదిన ఆగింది.

"చెప్పు."

"నువ్వు నిలబడితే ఫోటో పాడవుతుంది, నువ్వు తియ్యి, అన్నాను. అది కెమెరా తీసుకుని ఎదురుగా వెళ్లి, అమ్మతో అంది, 'పెద్దమ్మా, నేను పక్కనుంటే నీ అందం ఎవరూ చూడరని మీ అమ్మాయికి భయం. కాస్త నవ్వి చూపించు' అని. అందుకు నవ్వింది మా అమ్మ."

జిగురత్త పెన్ను మూత తీసి, చెప్పింది చెప్పినట్టు ఖాళీ చోట్లో రాస్తోంది.

"దానికి ఫోటోలంటే ఇష్టం లేదా వదినా?"

"ఉంది" అంది వదిన. "నేనే దిగనివ్వలేదు."

అది కూడా రాసి జిగురత్త సిరా ఆరేదాకా ఊదింది. వదిన మొహం తుడుచుకుని చెయ్యి చాచింది. "చెప్పానుగా. ఇప్పుడు తీసివ్వు."

"రాదు వదినా. లాగితే చిరుగుతుంది. అది మైదా జిగురు."

"అదేంటి? కథ చెబితే తీసిస్తానన్నావు!"

"అన్నాను. ఇష్టం లేదని నువ్వూ అన్నావు."

వదిన పుస్తకాన్ని విసిరేయలేదు, దగ్గరికీ తీసుకోలేదు. వాళ్లమ్మ నవ్వు మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది.

కాసేపటికి మేనకోడలు లేచి అందరినీ భోజనాలకు పిలిచింది. జిగురత్త చేతులు కడుక్కుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఏడాదిగా ఏది తిన్నా గడ్డిలా ఉన్న నోటికి ఆ రోజు రుచి తెలిసింది. కడుపునిండా తింది. మారు మాత్రం ఎవరు వడ్డించబోయినా విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, వదిన వచ్చేదాకా ఆగింది.