రీడుకు అంటిన ఎరుపు

తెనాలి బ్యాండుమేళంలో ఇర్షాద్ క్లారినెట్ అందుకుంటే, పాట అయ్యేదాకా పెళ్లికొడుకు కారు కూడా కదిలేది కాదు. ఈ మాట అతనే చెప్పుకునేవాడు. అయినా అబద్ధం కాదు.

విద్య నేర్పిన రెహమాన్ మామ ఒకటి అనేవాడు: "రీడుకి ఎరుపంటిందంటే వాయిద్యం వంటబట్టినట్టేరా!" రీడంటే క్లారినెట్ మూతికి బిగించే సన్నటి రెల్లు బద్ద. తన రీడు మీద తొలిసారి రక్తపు చార కనబడిన రోజు ఇర్షాద్ మేళమంతటికీ చూపించి టీలు తాగించాడు. ఆ తర్వాత చార మానింది లేదు. బ్రష్షు పెట్టినా రక్తమే. ఉన్న రక్తం కాస్తా పోతుందని అక్కడ తోమడమే మానేశాడు, మహానుభావుడు!

నొప్పి ఉంటే ఎవరైనా కదులుతారు. అతనికి నొప్పి లేదు. పైవరసలో ముందు పళ్లు రెండూ ఊగడం మొదలయ్యాక భార్య మున్నీసా తన పుట్టిల్లు రేపల్లెలో పళ్ల డాక్టరు శోభారాణి దగ్గరికి లాక్కెళ్లింది.

"పళ్లు బానే ఉన్నాయండి. వాటిని పట్టుకున్న ఎముకే కరిగిపోయింది," అందావిడ.

"ఊది ఊది కదిలాయంటారా అమ్మా?"

"కాదండి. చిగురు కింద పాచి చేరింది. అందులో క్రిములతో పోట్లాడ్డానికి మీ ఒళ్లే రక్తాన్ని అక్కడికి తోలింది. ఆ ఎరుపూ వాపూ అదే. పాచి తియ్యకపోతే పోట్లాట ఆగదు. ఏళ్ల తరబడి సాగితే క్రిములకంటే మన ఒళ్లు చేసే చెరుపే ఎక్కువండి. ఎముకని అదే తినేస్తుంది."

"మరి రీడు మీద ఎరుపు..." అన్నాడు ఇర్షాద్. పోయిన మామ మీద కోపం రాలేదు. చివరి రోజుల్లో ఆయన నోట్లో పళ్లు లేవని గుర్తొచ్చింది.

పాచి తీసి మిగతా పళ్లను నిలబెట్టారు. ఆ రెండూ మాత్రం తీసెయ్యక తప్పలేదు. కట్టుడు పళ్లు వచ్చేదాకా క్లారినెట్ పెట్టెలోనే ఉంది. వీధిలో మేళం వెళ్తే చాలు, అతని వేళ్లు లుంగీ మీద వాటంతటవే ఆడేవి. అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. ఒక్క పాట, ఒక్కటంటే ఒక్కటి వాయిస్తే చాలనుకునేవాడు.

పళ్లు కుదిరిన రోజున వాయించాడు. మున్నీసా పొయ్యి ఆపేసి వచ్చి గుమ్మంలో కూర్చుంది. పాట సగంలో ఆగింది.

"ఏంటండీ ఆపేశారు? అచ్చం ఇదివరకటిలాగే ఉంది!"

ఇదివరకు ఊదితే రీడు వణుకు, క్లారినెట్ మూతి మీద ఆనించిన పైపళ్లలోంచి తలలోకి ఎక్కి, ఒళ్లంతా పాకేది. ఇర్షాద్ కొత్త పళ్లను వేలితో తడుముకున్నాడు.

"నీకు వినపడింది మున్నీ," అన్నాడు. "నాకే లోపలికి రాలేదు."